గంజి తాగిన దిమ్మ

డబ్బా గాల్లోకి లేచింది. లేవగానే కొత్తపాకల జనమంతా ఒక్కసారిగా "హోయ్" అన్నారు. ఓడలెక్కి దేశాలన్నీ తిరిగి, చివరికి రేవులో ఓ మూల తుప్పుపట్టి పడున్న ఇరవై అడుగుల ఇనప కంటైనర్ అది. ఇప్పుడు క్రేన్ కొక్కేనికి వేలాడుతూ, సముద్రపు గాలికి అటూ ఇటూ ఊగుతూ, కింద ఇసకలో ఉన్న నాలుగు తెల్ల దిమ్మల మీదికి దిగడానికి బెట్టు చేస్తోంది.

"ఎడమకి బావా, ఎడమకి! నీ ఎడమ కాదు, నా ఎడమ!" అని నూకరత్నం గొంతు చించుకుంటోంది.

క్రేన్ మీట పట్టుకున్న లోవరాజు ఆమె మొగుడే. ఇనప పని చేసే మనిషి. "పెళ్ళయిన కాణ్ణుంచీ నీ ఎడమే గదే మన ఎడమ!" అని పైనుంచే అరిచి, డబ్బాని ఓ జానెడు జరిపాడు. జనం గొల్లున నవ్వారు.

ధన్‌మని చప్పుడైంది. నాలుగు మూలలూ నాలుగు దిమ్మల మీద కూర్చున్నాయి. రత్నం పరుగెత్తుకెళ్ళి, ఇసకలో మోకాళ్ళూని, నైరుతి మూల దిమ్మకి చెవి ఆనించింది. "అరవకండర్రా, ఒక్క నిమిషం!" అంది. ఇక కెరటాల హోరు తప్ప ఇంకేం లేదు. కాసేపు ఏమీ వినిపించలేదు. అప్పుడు రాతి లోపల్నించి, కాగిన నూనెలో మొదటి ఆవగింజ పేలినట్టు, చిట్ మంది. ఆగి మళ్ళీ చిట్ మంది. ఆ తరవాత ఆగలేదు.

"దిగుతోంది! బావా, దిగుతోంది!"

కాకినాడ కాలేజీలో లాబొరేటరీ నడిపే డాక్టర్ ఉమ్మిడి నూకరత్నం, డాక్టరేటు సంగతీ కట్టుకున్న చీర సంగతీ మరిచిపోయి, ఇసకలో గెంతులేసింది. చూడ్డానికొచ్చిన ఆర్డీవో గారు ముందు విస్తుపోయి, తరవాత తనూ వంగి చెవి పెట్టారు.

అందులో వింత ఏమిటంటే, ఆమె తవ్వించిన గోతులు మోకాలి లోతువే. మామూలుగా దిమ్మ వెయ్యాలంటే గట్టినేల తగిలేదాకా తవ్వి, ఇనుము కట్టి, కాంక్రీటు పొయ్యాలి. కొత్తపాకలలో ఎంత తవ్వినా ఇసకే. తవ్వి కట్టిన వాటన్నిటినీ ఏటేటా సముద్రం అడుగునించి కోసుకుపోతూనే ఉంది. అందుకని రత్నం కిందికి తవ్వడం మానేసి, కిందికి తనంతట తానే పెరిగే దిమ్మని తయారు చేసింది. పాలల్లో తోడేస్తే పెరుగైనట్టు, ఇసకలో ఈ మందు కలిపితే రాయవుతుంది. దానికి ఆమె పెట్టుకున్న పేరు తోడుసున్నం. అందులో ఉండేవి కంటికి కనిపించని జీవాలు. వాటి నెత్తిన బరువు పెట్టాలి, పైన తిండి లేకుండా చెయ్యాలి. అప్పుడు అవి తిండి కోసం కిందికి పోతాయి. ఇసక అడుగున పాతకాలపు గుల్లల పొర ఉంది. ఆ గుల్లల్ని తింటూ, నడిచిన దారంతా రాయి చేసుకుంటూ, ఆ కింది బంకమట్టిలో కాలూనేదాకా ఆగవు. సముద్రం ఇసకని లాక్కుపోతే ఇంకాస్త దిగుతాయి.

ఈ జీవాలు ఆమెకి ఎక్కడ దొరికాయంటే, పుట్టింటి గోడలో. ఆ ఇల్లు ఆమె తండ్రి సింహాద్రి కట్టుకున్నది. సముద్రం మీద వేట లేని రోజుల్లో గుల్ల కాల్చి సున్నం చేసి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి తొక్కి, గోడలు లేపాడు. తడి ఆరకముందే తన వల తీసి గోడకి అద్దాడు. అందుకని నడిమింటి గోడంతా వలకళ్ళే. ఊళ్ళో ఇళ్ళన్నీ ఉప్పుగాలికి బీటలిచ్చేవి. ఈ ఇంటి గోడకి వానాకాలంలో పడ్డ బీట వేసంగికల్లా పూడుకుపోయేది. చిన్నప్పుడు రత్నం ఆ బీటలో వేలు పెట్టి, ఎప్పుడు పట్టేస్తుందా అని చూసేది. పెద్దయ్యాక ఆ గోడ పొడి కాస్త గీరి తీసుకెళ్ళి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. సింహాద్రి అప్పటికే లేడు.

"సరే డాక్టర్ గారూ," అన్నారు ఆర్డీవో, ఇసక దులుపుకుంటూ. "ఈ తుఫాన్ల కాలం దాటి మీ కంటైనర్ ఒరక్కుండా నిలబడితే, ఊరందరికీ ఇలాంటివే పెట్టిద్దాం. ఒరిగిందా, అందరూ హైవే కాలనీకి రావలసిందే. నేనింక ఆపలేను."

హైవే కాలనీ అంటే సర్కారు ఇళ్ళు, పొలాల మధ్య. అక్కణ్ణుంచి సముద్రం కనిపించదు, వినిపించదు. పడవ ఎక్కడ కట్టుకోవాలి, వల ఎక్కడ ఆరేసుకోవాలి? ఆ మాట వినగానే జనంలో నవ్వులు ఆగిపోయాయి.

రత్నం తల్లి మరిడమ్మ మాత్రం డబ్బా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి, మూతి తిప్పింది. "డబ్బాలో రొయ్యలుంటాయి, సేపలుంటాయి. మనుసులుంటారేటే?"

"నువ్వుంటావు. ఇది నీకే. ఇల్లు వాకిలిదాకా కోసేసింది గదమ్మా సముద్రం. గోడ ఎంత గట్టిదైతే ఏం, కింద ఇసక పోతోంది."

"మీ నాన్న కట్టిన ఇల్లొగ్గేసి ఈ ఇనప పెట్లోకి నేను రాను. అయినా ఈ నాలుగు సిమెంటు ముక్కలు దీన్నేం మోత్తాయి?"

"సిమెంటు కాదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి? దీనికి ప్రాణం ఉంది."

మరిడమ్మ దిమ్మ వంక చూసింది. "పానం ఉందా?"

"ఉంది. మనలాగే."

మరిడమ్మ కొంగుతో దిమ్మ మీది ఇసక తుడిచింది. రత్నం అంతటితో ఆ సంగతి మరిచిపోయింది.

ఆ వానాకాలమంతా రత్నానికి పండగే. వారమంతా లాబొరేటరీలో గాజు జాడీల ముందు కూర్చునేది. ఒక్కో జాడీలో ఇసక, పైన తోడుసున్నం, దాని మీద ఇటుక. ఇటుక పెట్టిన జాడీల్లో తెల్లటి కాళ్ళు నిటారుగా అడుక్కి దిగేవి. ఇటుక లేని జాడీల్లో సున్నం ముద్దలా ఉండిపోయేది. పైన చక్కెర నీళ్ళు పోసిన జాడీల్లో బరువున్నా సరే, అది కాళ్ళు జాపుకోకుండా పైపైనే బలిసి కూర్చునేది. ఆ జాడీల్ని చూసి ఆమె నవ్వుకుని, కడిగి పక్కన పెట్టేసింది. దిమ్మకి తిండి పెట్టొద్దని ఎవరైనా ఎవరికైనా చెప్పుకుంటారా?

ఆదివారం వస్తే కొత్తపాకల. లోవరాజు డబ్బాకి కిటికీలు కోసి, రేకుల అంచులు నున్నగా రుద్ది, చిలకపచ్చ రంగు వేశాడు. ముగ్గురూ అక్కడే భోజనం. లోపల రత్నం, లోవరాజు. బయట ఇసకలో పీట వేసుకుని, డబ్బాకి వీపు తిప్పి మరిడమ్మ. "అత్తా, లోపలికి రా, గాలి బాగా వత్తంది," అని అల్లుడు పిలిస్తే, "నా ఇంట్లో ఇంతకన్నా బాగా వత్తది," అని అక్కణ్ణుంచే జవాబు.

తిన్నాక రత్నం నాలుగు దిమ్మలకీ చెవి పెట్టి వినేది. నాలుగూ చిటచిటలాడేవి. ఈశాన్యం మూలది మరీ హుషారు, మిగతా మూడింటికన్నా గట్టిగా వినిపించేది. "ఇది చూడు బావా, ఎంత జోరుగా ఉందో! అందరికన్నా ముందు గట్టినేల పట్టేది ఇదే," అని మురిసిపోయేది. మరిడమ్మ ఆ మాట విని, లోలోపల నవ్వుకుంటూ చేపముల్లు ఏరుకునేది.

ఆ తరవాత తుఫాను కబురొచ్చింది. పెద్దదే. రేవులో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేశారు. మర్నాటికల్లా తీరం దాటుతుందని, అందరూ బడి పక్కనున్న తుఫాను షెల్టరుకి వెళ్ళాలని దండోరా వేశారు.

రత్నం భయపడలేదు సరికదా, ఎగిరి గంతేసింది. పరీక్ష కోసం ఆరునెల్లుగా ఎదురుచూస్తున్న మనిషి మరి! తెల్లారీ తెల్లారకముందే మొగుడి బండెక్కి కొత్తపాకల వచ్చేసి, నీళ్ళు నింపిన సన్నటి గొట్టం తీసింది. తాపీవాళ్ళు మట్టం చూసుకునే గొట్టమే. ఒక కొస తను పట్టుకుని, రెండో కొస లోవరాజు చేతికిచ్చి మూలమూలకీ తిప్పింది. నైరుతి సమం. వాయవ్యం సమం. ఆగ్నేయం సమం. ఈశాన్యానికి వచ్చేసరికి లోవరాజు వంగి మళ్ళీ చూశాడు.

"ఏంటి బావా?"

"రెండు వేళ్ళంత దిగిపోయింది రత్నం."

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే సూశాను. కావాలంటే నువ్వొచ్చి సూడు."

చేతులతోనే ఇసక తోడారు. మోచేతి లోతు పోయేసరికి దిమ్మ అడుగు వచ్చేసింది! గుమ్మడికాయలా గుండ్రంగా బలిసి, నున్నగా, కాలన్నది లేకుండా ఇసక మీద కూర్చుని ఉంది. చుట్టూ చీమలు. పులిసిన వాసన. రత్నానికి చక్కెర నీళ్ళు పోసిన గాజు జాడీలు గుర్తొచ్చాయి. పైన తిండి దొరికితే తప్ప ఇలా అవదు. ఇక్కడ తిండి ఎక్కణ్ణుంచి వచ్చింది?

సరిగ్గా అప్పుడే మరిడమ్మ సత్తు గిన్నె ఒకటి రెండు చేతులా పట్టుకుని, తొణక్కుండా నడుచుకుంటూ వచ్చింది. వీళ్ళని చూసి ఠక్కున ఆగింది.

"ఏంటమ్మా అది?"

"ఏం లేదే. గంజి."

"ఎవరికి?"

మరిడమ్మ దిమ్మ వైపు చూసింది. "దానికే. కూసింత బెల్లమ్ముక్కేసి పోత్తన్నా."

"ఎన్నాళ్ళనించి?"

"డబ్బా ఎక్కించిన కాణ్ణుంచీ. అలా సూత్తావేటే? పానం ఉందని నువ్వే గదా సెప్పావు. పానమున్నదాని నెత్తిన అంతేసి బరువెట్టి పస్తుంచుతారేటి? మనం ముగ్గురం దాని ముందే కూకుని పులుసులు జుర్రుకుంటన్నాం. నాకు ముద్ద దిగలేదు. నాలుగిటికీ పోసే ఓపిక లేక, ఈశాన్యం మూల గదా అని దీనికొక్కదానికే పోసేదాన్ని."

లోవరాజు ముందు నవ్వాపుకోలేకపోయాడు. రత్నం కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఇసకలో కూలబడి ఏడ్చేసింది. "గారాబం చేసి కాళ్ళు లేకుండా చేశావు గదమ్మా! ఆకలేస్తేనే అది దిగేది. ఇవాళ రాత్రి కెరటం వచ్చి ఈ మూల ఇసక లాగేస్తే డబ్బా తిరగబడిపోతుంది. అయిపోయింది, అందరం కాలనీకే!"

మరిడమ్మ గిన్నె దూరంగా వంచేసింది. గంజి ఇసకలో ఒలికిపోయింది.

"ఏదో ఒకటి చెయ్యొచ్చు గదా," అన్నాడు లోవరాజు. "పక్కనే గొయ్యి తీసి, సున్నం బస్తాలు తెచ్చి పోసేద్దాం. బండి మీద ఎల్లి కాకినాణ్ణుంచి అట్టుకొచ్చేత్తాను."

"కొట్టు సున్నం ఘాటుకి అవి చచ్చిపోతాయి బావా. ఇప్పటికే తిని తిని మత్తుగా ఉన్నాయి. అడుగున మళ్ళీ కొత్త తోడు పడాలి, దాంతోపాటే తిండీ ఉండాలి. లాబొరేటరీలో తయారు చేద్దామంటే వారాలు పడుతుంది. అంత తోడూ అంత తిండీ కలిసి ఉన్న సున్నం ఎక్కడ..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఎదురుగా, కొబ్బరి మట్టల దడి అవతల, నీలిమందు కలిపిన వెల్లతో మెరుస్తూ పుట్టిల్లు కనిపించింది. ఆ గోడలు మొత్తం తోడే, మొత్తం తిండే. రత్నం చూపు తిప్పేసుకుంది. కానీ మరిడమ్మ ఆ చూపు ఎక్కడ ఆగిందో చూసేసింది. వెనక్కి తిరిగి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

రత్నం వెనకే వెళ్ళి తలుపు తోసింది. లోపల మరిడమ్మ వలకళ్ళ గోడకి వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది.

"అడగమాకు," అంది.

"అడగనమ్మా."

"ఈ ఊళ్ళో పగలని ఇల్లు ఇదొక్కటే. ముందు వరసవన్నీ పోయినా ఇది పోలేదు. ఈ తుపానుకీ పోదు."

"పోకపోవచ్చు."

"మరి దీన్ని నేనెందుకు పడగొట్టుకోవాలే?"

"నేను పడగొట్టమనలేదు గదమ్మా."

"నోటితో అన్లేదు." మరిడమ్మ తల వెనక్కి వాల్చి గోడకి ఆనించింది. అలాగే అడిగింది. "పడగొట్టి అందులో పోత్తే నిలబడుద్దా? నిజం సెప్పు."

నిలబడుతుందని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట రత్నం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తల్లి మొహం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయింది. "తెలీదమ్మా. దిగడానికి ఒక్క పగలే ఉంది. దిగొచ్చు, దిగకపోవచ్చు. దిగకపోతే నీకు ఇల్లూ ఉండదు, డబ్బా ఉండదు."

మరిడమ్మ కూతురి వంక కన్నార్పకుండా చూసింది. "రాళ్ళ గోడ కట్టినోళ్ళు నిలబడుద్దన్నారు. ఇసక బస్తాలేసినోళ్ళు నిలబడుద్దన్నారు. వచ్చిన పెతీవోడూ నిలబడుద్దనే సెప్పాడు, ఏదీ నిలబళ్ళేదు. తెలీదన్నదానివి నువ్వొక్కదానివే." చేతులు ఊని లేచింది. "ముందు ఆ వంటిల్లు కొట్టండి. ఈ గోడ ఆఖర్న కొడదాం."

ఇక చూడాలి! లోవరాజు గునపం అందుకున్నాడు. చప్పుడు విని పక్కింటి ధనకొండ పరుగెత్తుకొచ్చి, "అయ్యో అయ్యో, మతిపోయిందేటే మీకు!" అని గుండెలు బాదుకుని, సంగతి విని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి తట్ట ఎత్తింది. ఆమె వెనక ఆమె కొడుకులు, వాళ్ళ వెనక పడవల మీద తాళ్ళు బిగిస్తున్న మగవాళ్ళు. ఓ గుంపు దిమ్మ పక్కన గొయ్యి తీస్తోంది. ఇసక కూలకుండా పాత పడవ చెక్కలు అడ్డం పెట్టి, గుల్లల పొర తగిలేదాకా దిగారు. ఇంకో గుంపు గోడలు కొట్టి, పెళ్ళలు పెళ్ళలుగా మోసుకొస్తోంది. వాన మొదలైంది. రత్నం గొంతుదాకా గోతిలో దిగి, "అటు, అటు! దిమ్మ కిందికి తొయ్యండి!" అని కేకలేస్తోంది. ఒళ్ళంతా సున్నం, నెత్తి మీద నీలం రంగు.

చివరికి వలకళ్ళ గోడ మిగిలింది. లోవరాజు గునపం ఎత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. మరిడమ్మ ఆ గునపం తీసుకుంది. గోడని అరచేత్తో ఒకసారి తడిమింది. "ఏవయ్యా, కూతురడిగింది. ఇచ్చేత్తన్నా," అంది. మొదటి దెబ్బ తనే వేసింది. వేశాక బావురుమంది. ఏడుస్తూనే రెండోది వేసింది.

మిట్టమధ్యాహ్నానికల్లా గొయ్యి నిండింది. పోలీసులొచ్చి, ఇక కదలమని అరుస్తున్నారు. రత్నం ఈశాన్యం దిమ్మకి చెవి పెట్టింది. ఏమీ లేదు. గాలి ఈలలేస్తోంది. రెండో చెవి పెట్టింది. లోవరాజు ఆమె జబ్బ పట్టుకున్నాడు.

"పద రత్నం, ఇంక పోదాం పద."

"ఒక్క నిమిషం బావా. ఒక్క..."

చిట్.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ చిట్. మళ్ళీ. ఆ తరవాత లోపల ఒకటే చిటపటలు. మూకుడు నిండా ఆవాలు పోసినంత జోరు! "అమ్మా, ఆకలేసిందే దీనికి! తింటోంది! దిగుతోంది!" అని వానలో అరిచింది. పోలీసాయన ఎవరికి ఆకలేసిందో అర్థంకాక చుట్టూ చూశాడు. అందరూ కేరింతలు కొడుతూ, తడిసి ముద్దై, షెల్టరు వైపు పరుగెత్తారు.

ఆ రాత్రి సముద్రం ఏం చేసిందో షెల్టరు గోడల మధ్య కూర్చున్నవాళ్ళకి చప్పుడే తప్ప మరేం తెలీలేదు. తెల్లారి గాలి తగ్గాక మొదట బయటికి దూకింది రత్నం. వెనకే ఊరు ఊరంతా.

తీరం గుర్తుపట్టేలా లేదు. ఇసక మనిషెత్తున కోసుకుపోయింది. కోసుకుపోయిన చోట, నాలుగు తెల్లటి కాళ్ళ మీద, చిలకపచ్చ డబ్బా ఆకాశంలో నిలబడి ఉంది. దాని కింద నుంచి కెరటం ఇటొచ్చి అటు పోతోంది. మూడు కాళ్ళు సన్నగా నిటారుగా ఉన్నాయి. ఈశాన్యం కాలు మాత్రం లావుగా, గరుకుగా, నీలం మచ్చలతో నేలలోకి దిగిపోయింది. దాని నడుం దగ్గర ఒక పెద్ద పెళ్ళ రాయిలో రాయై అతుక్కుపోయి ఉంది. దాని మీద వలకళ్ళు.

లోవరాజు పరుగెత్తి గొట్టం తెచ్చి మట్టం పట్టాడు. నీళ్ళు నిలకడకొచ్చేదాకా ఆగాడు. "సమం!" అని అరిచాడు. "వెంట్రుకవాసి తేడా లేదు, సమం!" జనం డబ్బా చుట్టూ ఈలలు, కేకలు. రత్నం మొగుడి మెడకి వేలాడి గిర్రున తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ తల్లి కోసం చూసింది.

మరిడమ్మ అక్కడ లేదు. దడి ఉండే చోట నిలబడి ఉంది. ఇల్లున్న జాగాలో ఇంటి పునాది అలాగే ఉంది. సముద్రం దాని గడపదాకా వచ్చి ఆగింది. ఆ పునాది మీద గోడలుంటే, అవి కూడా నిలబడే ఉండేవి. రత్నం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నిలబడేదే," అంది మరిడమ్మ.

"అవునమ్మా."

"మీ నాన్న కట్టింది గదా మరి." ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుంది. ఎప్పుడొచ్చిందో ధనకొండ వాళ్ళ వెనక నిలబడి ఉంది. కాసేపు డబ్బా వైపు, కాసేపు తన ఇంటి వైపు చూసి, గొంతు సవరించుకుంది.

"అప్పా, మా గోడలోనూ గుల్లసున్నమే. నా మొగుడు మేడ మీద మేడెయ్యాలని కట్టాడు. మాక్కూడా డబ్బా కావాలంటే..."

"కొట్టుకోవాలి," అంది మరిడమ్మ. "ముందు వంటిల్లు కొట్టు. ఎక్కువ ఇష్టమైన గోడ ఆఖర్న కొట్టు. ఏడుపొత్తే ఏడు. గునపం మాత్రం ఆపమాకు."

ధనకొండ కళ్ళు తుడుచుకుంటూ తలూపింది.

షెల్టరులో ఎవరో గంజి కాచి అందరికీ పోస్తున్నారు. మరిడమ్మ ఒక గ్లాసు పోయించుకుని, ఎప్పటి అలవాటు ప్రకారమే తొణక్కుండా ఇసకలో నడుచుకుంటూ ఈశాన్యం కాలు దగ్గరికి వెళ్ళింది. రత్నం చూసింది. "అమ్మా!" అని కేకేసి పరుగెత్తింది.

మరిడమ్మ వెనక్కి చూడలేదు. చెవి కాలికి ఆనించి విన్నది. లోపల ఆవాలు చిటపటలాడుతూనే ఉన్నాయి. వలకళ్ళ పెళ్ళ మీద చెయ్యి వేసింది.

"నా ఇల్లంతా తిన్నావు," అంది దాంతో. "ఇంక ఇది నాకు."

అని, అక్కడే నిలబడి గంజి గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు కూతురి చేతిలో పెట్టి, డబ్బా ఎక్కడానికి నిచ్చెన తెమ్మని అల్లుడి మీద కేకలేసింది.